కమాను తయారీ కుటుంబాలు

కమాను అంటే వయొలిన్, వయోలా, చెల్లో, సారంగి, కిక్రి లాంటి తీగ వాద్యాలను రాపిడితో పలికించే పరికరం. ఒక సన్నని కర్ర, దాని పొడవునా సాగదీసి కట్టిన గుర్రపు తోక వెంట్రుకలు, వాటిని బిగించి వదులు చేసే చిన్న కొయ్య దిమ్మ. పైకి కనిపించే సరంజామా ఇంతే. ఐరోపాలో పద్దెనిమిదో శతాబ్దం చివరి నుంచి దీని తయారీ వయొలిన్ తయారీ నుంచి వేరుపడి సొంత వృత్తిగా నిలబడింది. వయొలిన్ చేసే చేయి సాధారణంగా కమాను చేయదు, కమాను చేసే చేయి వయొలిన్ జోలికి పోదు. ఈ వృత్తి చరిత్రంతా కొన్ని ఇంటిపేర్ల చుట్టూ తిరుగుతుంది. ఫ్రాన్సులో టూర్ట్, పెకాట్, బాజాన్, ఊషార్. జర్మనీలో క్నోఫ్, న్యూర్న్‌బెర్గర్, ఫ్రెట్ష్‌నర్. ఇంగ్లండులో డాడ్, టబ్స్. వయొలిన్ మాట రాగానే స్ట్రాడివేరి పేరు సంగీతం తెలియనివాళ్ళూ చెబుతారు. కమాను చేసినవాళ్ళ పేర్లు మాత్రం వాయించేవాళ్ళ మధ్యనే ఉండిపోయాయి.

తెలుగువాళ్ళు వయొలిన్‌ను సొంతం చేసుకుని రెండు వందల ఏళ్ళు కావస్తోంది. వీణకు బొబ్బిలి, నూజివీడు ఉన్నట్టు కమానుకు పేరుపడ్డ ఇల్లు మాత్రం తెలుగునాట గాని, తెలుగువాళ్ళు దండిగా ఉన్న బెంగళూరు వైపు గాని వినబడదు. ఎందుకు లేదో తెలియాలంటే మిగిలినచోట ఎందుకు ఉందో ముందు చూడాలి.

పనితీరు

వయొలిన్ కమాను పొడవు 74, 75 సెంటీమీటర్లు. బరువు 60 గ్రాముల దగ్గర. వయోలాది 70, చెల్లోది 80 గ్రాములకు అటూ ఇటూగా ఉంటుంది. వెంట్రుకలు 150 నుంచి 200 వరకు పడతాయి. ఉత్త వెంట్రుకతో తీగ పలకదు. పైన్ చెట్టు బంకతో చేసిన రోజిన్ రుద్దితేనే దానికి పట్టు వస్తుంది. అప్పుడు వెంట్రుక తీగను పట్టుకుని పక్కకు ఈడుస్తుంది. తీగ బిగువు ఒక హద్దు దాటగానే పట్టు తప్పి జారుతుంది, వెంటనే మళ్ళీ పట్టుబడుతుంది. పాశ్చాత్య శ్రుతిలో ‘ఎ’ తీగ మీద ఈ పట్టడం, జారడం సెకనుకు 440 సార్లు జరుగుతాయి. జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్స్ 1863లో వెలువడిన తన నాదశాస్త్ర గ్రంథంలో తీగ కదలికను వివరించాడు.

ఆ పనిని ముందుకు తీసుకుపోయింది సి.వి. రామన్. బాల్యం విశాఖపట్నంలో, 1933 నుంచి చివరిదాకా బెంగళూరులో గడిపిన రామన్, మధ్యలో కలకత్తాలో ఉన్న కాలంలో కమానుతో మోగే తీగల యాంత్రిక సిద్ధాంతం మీద 1918లో పెద్ద గ్రంథమే ప్రచురించాడు. తర్వాత 1920లో వయొలిన్‌ను యంత్రంతో వాయించి కొలతలు తీశాడు. కమానును ఒకచోట నిలిపి ఉంచి, వయొలిన్‌నే ముందుకు వెనక్కి నడిపించిన యంత్రం అది. తీగ మీద ఏ చోట, ఏ వేగంలో కమాను ఎంత ఒత్తిడి పెడితే నాదం విరగకుండా నిలుస్తుందో దాంతో తేలింది. కొలిచింది ఒత్తిడిని. ఆ ఒత్తిడిని మొదటి నుంచి చివరి దాకా చేతికి శ్రమ లేకుండా అందించే కర్రను ఎలా చెక్కాలో యంత్రం చెప్పలేదు. అది కమాను చేసే ఇళ్ళలోనే ఉంది.

తయారీ

మంచి కమానుకు రెండు వందల ఏళ్ళుగా వాడుతున్నది బ్రెజిల్ తీరపు అడవుల్లో పెరిగే పెర్నాంబుకో చెట్టు చేవ. నారింజ, ఎరుపు కలిసిన రంగు. నీళ్ళలో వేస్తే మునిగేంత బరువైన కొయ్య. పలకగా కోసిన కొయ్యను ఏళ్ళ తరబడి ఆరనిస్తారు. తర్వాత ఈనె ఎటు పోతోందో చూసి, దాని వెంబడే నిటారైన బద్దలుగా కోస్తారు. ఈనె అడ్డం తిరిగిన బద్ద మొన దగ్గర విరుగుతుంది కాబట్టి అక్కడే పక్కన పడేస్తారు. మిగిలినదాన్ని చిన్న చిత్రికతో ఎనిమిది పలకలుగా దిద్దుతారు. చాలా కమానులను ఆ తర్వాత గుండ్రంగా నునుపు చేస్తారు, కొన్నిటిని ఎనిమిది పలకలతోనే వదిలేస్తారు. మొనను మాత్రం చాకుతో చెక్కుతారు. సంతకం లేని పాత కమాను ఎవరిదో తేల్చేటప్పుడు నిపుణులు ముందు చూసేది ఆ మొననే. చాకు తిరిగిన తీరులో ఇంటి గుర్తు ఉంటుంది.

అసలు పని వంపులో ఉంది. కర్రను నిప్పు సెగ మీద కొంచెం కొంచెంగా వేడిచేస్తూ, లోపలి దాకా వేడి దిగాక చేత్తో వంచి, చల్లారేదాకా పట్టుకుంటారు. పైపైన వేడెక్కిన కర్ర వంగినట్టే వంగి కొన్ని నెలల్లో మళ్ళీ నిటారైపోతుంది. ఎక్కువ వేడెక్కితే మాడుతుంది. వంపు కర్ర పొడవునా సమంగా ఉండదు, ఉండకూడదు. ఎక్కడ ఎంత వంచాలన్నది ఆ కర్ర బిగువును బట్టి, సన్నబడిన తీరును బట్టి మారుతుంది. చేసేవాడు కర్రను కంటి ముందు పెట్టి ఒక కన్ను మూసి చూస్తాడు, రెండు చేతులతో వంచి చూస్తాడు, ఒక్క పొర గీకి మళ్ళీ వంచి చూస్తాడు. పుస్తకంలో రాస్తే నాలుగు వాక్యాల్లో అయిపోయే ఈ పని చేతికి రావడానికి ఏళ్ళు పడుతుంది. పక్కన కూర్చుని చూసే పిల్లవాడికే వచ్చే విద్య కావడంతో, ఇది కొడుకులకు, అల్లుళ్ళకు, ఇంట్లో ఉండి పని నేర్చుకునే శిష్యులకు మాత్రమే దిగుతూ వచ్చింది. క్రెమోనా కమాను తయారీదారు జొవాన్ని లుక్కీ 1983లో కొయ్యలో ధ్వని వేగాన్ని కొలిచే పరికరం తయారుచేశాక బద్దల ఎంపికకు ఒక అంకె దొరికింది. వంపుకు అలాంటి అంకె ఇంకా రాలేదు.

చేతి పట్టు దగ్గరుండే దిమ్మను ఫ్రాగ్ అంటారు. నల్ల తుమికి జాతి కొయ్యతో, అంటే ఎబొనీతో చేసి, అడుగున ముత్యపు చిప్ప పలక, ముందు వెండి పట్టీ అమరుస్తారు. కర్ర చివర మర తిప్పితే దిమ్మ వెనక్కి జరిగి వెంట్రుకలు బిగుస్తాయి. వెంట్రుకల రెండు కొసలనూ దారంతో ముడివేసి, చిన్న చెక్క చీలలతో గూళ్ళలో బిగిస్తారు. వీటికి జిగురు పెట్టరు. రేపు వెంట్రుకలు అరిగాక విప్పి మార్చాలి కదా.

టూర్ట్ ఇల్లు

పదిహేడో శతాబ్దపు కమాను కర్ర కొద్దిగా బయటికి, అంటే వేటగాడి విల్లు వైపుకే వంగి ఉండేది. పొట్టిగా, తేలిగ్గా ఉండి నాట్య సంగీతానికి సరిపోయేది. సభలు పెద్దవై, శ్రోతలు వందల్లోకి పెరిగాక వాయించేవాళ్ళకు గట్టి నాదం, పొడుగు స్వరం కావలసి వచ్చాయి. 1782లో ఇటలీ నుంచి పారిస్ వచ్చిన విద్వాంసుడు వియొత్తి ప్రభావంతో అక్కడి కమాను రూపం స్థిరపడిందని చరిత్రకారులు చెబుతారు. దాన్ని స్థిరపరచినవాడు ఫ్రాన్స్వా జేవియే టూర్ట్.

తండ్రి నికొలా పియేర్ టూర్ట్, అన్న లెయొనార్ ఇద్దరూ పారిస్‌లో కమానులు చేసినవాళ్ళే. అయినా ఫ్రాన్స్వాను చిన్నప్పుడు గడియారాల పనిలో పెట్టారు. ఎనిమిదేళ్ళు అక్కడ గడిపి, ఆ పనిలో ముందుకు పోయే దారి లేదని ఇంటి వృత్తికి తిరిగొచ్చాడు. సన్నని లోహపు పనిలో తిరిగిన చేయి కనుక దిమ్మ, మర, పట్టీ కుదురుగా అమర్చడం ఆయనకు పట్టుబడింది. చేతి అలవాటు కోసం మొదట్లో చక్కెర పీపాల చెక్కలతో కమానులు చేసి చవగ్గా అమ్మాడని 1856లో స్ట్రాడివేరి మీద పుస్తకం రాసిన ఫెతిస్ చెప్పాడు. చక్కెర, రంగు కోసం తెచ్చే పెర్నాంబుకో కొయ్య ఒకే సముద్రపు దారిలో, ఒకే బానిస వ్యాపారపు నీడలో ఫ్రాన్సుకు చేరేవి. ఆ సంగతి కమాను చరిత్రల్లో అరుదుగా కనిపిస్తుంది.

టూర్ట్ చేసిన మార్పులు మూడు. కర్రను లోపలికి, వెంట్రుకల వైపుకు వంచాడు. దాంతో ఒత్తిడి పెరిగినా కర్ర లొంగిపోకుండా ఎదురు నిలుస్తుంది. పెర్నాంబుకోను ప్రమాణంగా నిలబెట్టాడు. దిమ్మకు లోహపు పట్టీ వేసి వెంట్రుకలు ఉండ కట్టకుండా రిబ్బనులా పరచుకునేలా చేశాడు. తర్వాత వియోమ్ అనే పారిస్ తయారీదారు టూర్ట్ కర్రలను కొలిచి చూశాడు. 70 సెంటీమీటర్ల కర్రలో మొదటి 11 సెంటీమీటర్లు ఒకే మందం, 8.6 మిల్లీమీటర్లు. అక్కడి నుంచి ఒక గణిత క్రమంలో సన్నబడుతూ మొన దగ్గర 5.3 మిల్లీమీటర్లకు దిగుతుంది. టూర్ట్ ఆ లెక్క వేసి చెక్కలేదు. చేయి వెళ్ళిన దారినే వియోమ్ తర్వాత లెక్కలోకి తెచ్చాడు.

ఇంటి వృత్తిలో ఆడవాళ్ళ వంతు ఎంతో చెప్పే ఆధారాలు తక్కువ. టూర్ట్ విషయంలో ఒక్క ముక్క మిగిలింది. వెంట్రుకలు ఏరడం, కడగడం, పొడవునా ఒకే మందం ఉన్నవాటిని మాత్రమే ఉంచడం ఆయన కూతురు చేసేదట. ఇంత పనికీ పేరు మాత్రం ఇంటిపేరే. టూర్ట్ తన కమానుల మీద ముద్ర కూడా సాధారణంగా వేసేవాడు కాడు. లోపం కనిపించిన కర్రను నిర్దాక్షిణ్యంగా విరిచేసేవాడు. పని మానేశాక ముసలితనంలో సేన్ నదిలో గాలం వేసుకుని కూర్చునేవాడు. 1835లో మరణించాడు.

మిర్‌కూర్ ఇళ్ళు

ఈశాన్య ఫ్రాన్సులో వోజ్ కొండల దగ్గర మిర్‌కూర్ అనే చిన్న ఊరికి రెండే పేర్లు: లేసు అల్లిక, వాద్యాల తయారీ. పారిస్‌లో పేరు తెచ్చుకున్న కమాను పనివాళ్ళలో ఎక్కువమంది ఇక్కడ పుట్టినవాళ్ళే. దొమినీక్ పెకాట్ 1810లో ఒక మంగలి ఇంట పుట్టి, 1826లో పారిస్ వెళ్ళి వియోమ్ దుకాణంలో చేరాడు. బరువైన మొన, బలమైన కర్ర ఆయన పద్ధతి. టూర్ట్ తర్వాత అంతటివాడని విద్వాంసులు చాలామంది అంటారు. తమ్ముడు ఫ్రాన్స్వా, తమ్ముడి కొడుకు షార్ల్ అదే వృత్తిలో ఉన్నారు. వియోమ్ మాత్రం ప్రయోగాల మనిషి. కొయ్యకు బదులు బోలు ఉక్కు గొట్టంతో కమానులు చేశాడు. వెంట్రుకలు వాయించేవాళ్ళే మార్చుకునే ఏర్పాటు ఉన్న కమాను కూడా చేశాడు. రెండూ నిలవలేదు. కర్రకు బదులు ఇనుము పెడితే సొట్ట పడుతుందని కొన్నవాళ్ళకు త్వరగానే తెలిసొచ్చింది.

కుటుంబ వృత్తి అంటే ఏమిటో చూడాలంటే బాజాన్ ఇల్లు చూడాలి. ఫ్రాన్స్వా జేవియే బాజాన్ 1865లో పోయేనాటికి కొడుకు షార్ల్ నికొలాకు పద్దెనిమిదేళ్ళు. ఆ వయసులో దుకాణం నెత్తినేసుకుని దాన్ని మిర్‌కూర్‌లో పెద్ద కమాను కార్ఖానాల్లో ఒకటిగా చేశాడు. తర్వాతి తరంలో పేరు తెచ్చుకున్న చాలామంది అక్కడ పని నేర్చుకుని బయటికి వెళ్ళారు. ఆయన తర్వాత కొడుకు లూయీ, ఆ తర్వాత 1987లో మరణించిన మనవడు షార్ల్ అల్ఫ్రెద్. నూటికి పైగా ఏళ్ళు, నాలుగు తరాలు. ఒక్కొక్క తరం చేతిని పక్కపక్కన పెట్టి చూస్తే మొన ఆకారం కొద్దికొద్దిగా మారుతూ పోయింది. ఇంటి పద్ధతి అంటే తాత చేసినదాన్నే మనవడు అచ్చు దించడం కాదని ఈ కమానులే చెబుతాయి. మిర్‌కూర్‌లో తండ్రి దగ్గర పని నేర్చి పారిస్ వెళ్ళిన యూజీన్ సార్తోరీ 1889లో పద్దెనిమిదేళ్ళకే సొంత దుకాణం తెరిచాడు. ఆయన కమానులు ఈనాటికీ సోలో విద్వాంసుల చేతుల్లో ఉన్నాయి.

ఊషార్ ఇంటి కథ వేరు. ఎమీల్ ఫ్రాన్స్వా ఊషార్ మిర్‌కూర్‌లో క్యూన్యో అనే తయారీదారు దగ్గర పనివాడు. యజమాని పోయాక ఆ దుకాణం ఆయన చేతికి వచ్చింది. కొడుకు ఎమీల్ ఆగస్త్ పారిస్‌కు, రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక అమెరికాకు వెళ్ళి తిరిగొచ్చాడు. మనవడు బెర్నార్ జెనీవాలో ఇరవై ఏళ్ళకు పైగా పనిచేశాడు. అప్పటికి మిర్‌కూర్‌లో వృత్తి దాదాపు ఆగిపోయింది. చవక కమానులు వేలల్లో రావడంతో చేతిపనికి గిరాకీ పడిపోయింది. పిల్లలు వేరే ఉద్యోగాలు వెతుక్కున్నారు. 1971లో ఫ్రాన్స్ ప్రభుత్వం మిర్‌కూర్‌లో కమాను తయారీ తరగతి పెట్టి బెర్నార్ ఊషార్‌ను పిలిచింది. ఆయన 1979లో మరణించేలోపు చేతులు తిప్పించిన విద్యార్థులు కొద్దిమందే. వాళ్ళలో బెన్వా రోలాన్, స్తెఫాన్ తొమాషో లాంటివాళ్ళు ఇప్పటి ప్రపంచంలో మొదటి వరస పేర్లు. అమెరికాలో స్థిరపడిన రోలాన్‌కు 2012లో మాకార్థర్ ఫెలోషిప్ వచ్చింది. ఇంటి విద్య బడిలోకి రావడం ఈ వృత్తి చరిత్రలో టూర్ట్ వంపు తర్వాత అంతటి మలుపు అని ఈ వ్యాసకర్త అభిప్రాయం. రహస్యం ఇల్లు దాటితే పలుచనవుతుందన్న భయం ఇక్కడ నిజం కాలేదు.

జర్మనీ, ఇంగ్లండు

జర్మనీలో శాక్సనీ రాష్ట్రపు మార్క్‌నాయ్‌కిర్షెన్‌లో బొహీమియా నుంచి మతపీడన తప్పించుకు వచ్చిన పన్నెండుమంది వయొలిన్ పనివాళ్ళు 1677లో సంఘం పెట్టుకున్నారు. అక్కడి పద్ధతి ఫ్రాన్సుకు భిన్నం. ఒక ఇంట్లో కర్రలు, ఇంకో ఇంట్లో దిమ్మలు, మరోచోట మరలు చేసేవాళ్ళు. వర్తకుడు అన్నీ పోగుచేసి ఎగుమతి చేసేవాడు. ఎగుమతి ఎంతగా పెరిగిందంటే ఆ చిన్న ఊళ్ళో 1893 నుంచి 1916 దాకా అమెరికా కాన్సల్ కార్యాలయం నడిచింది. ఈ గుంపులోంచే క్నోఫ్, న్యూర్న్‌బెర్గర్ వంశాలు పేరు తెచ్చుకున్నాయి. పారిస్‌లో వియోమ్ దగ్గర పని నేర్చిన హెర్మన్ రిచర్డ్ ఫ్రెట్ష్‌నర్ 1880లో పెట్టిన దుకాణం తర్వాతి తరాల్లోనూ ఆ కుటుంబం చేతుల్లోనే సాగింది.

లండన్ జాన్ డాడ్ గురించి వినబడే కథ ఈ చరిత్రలో చేదు ముక్క. టూర్ట్‌కు సమకాలికుడు. ఆయన కమానులు గొప్పవి, కాని ఒక్కొక్కటి ఒక్కో పొడవు. తన విద్య ఎవరికీ చెప్పనన్నాడనీ, పెద్ద మొత్తం ఇస్తామన్నా శిష్యుణ్ణి తీసుకోలేదనీ చెబుతారు. 1839లో రిచ్‌మండ్‌లో పేదల ఆశ్రమంలో పోయాడు. టబ్స్ కుటుంబం, తర్వాత హిల్ కంపెనీ ఇంగ్లీషు పద్ధతిని నిలబెట్టాయి. హిల్ దుకాణంలో జీవితమంతా పనిచేసిన విలియం రెట్‌ఫర్డ్ 1964లో తన వృత్తి గురించి పుస్తకం రాశాడు. కమాను పనివాడు స్వయంగా రాసిన అరుదైన పుస్తకాల్లో అది ఒకటి.

కొయ్య కొరత

పెర్నాంబుకో చెట్టు పోర్చుగీసు పేరు నుంచే బ్రెజిల్‌కు ఆ పేరు వచ్చింది. పోర్చుగీసువాళ్ళు మొదట దాన్ని నరికింది ఎర్ర రంగు కోసం, కమాను కోసం కాదు. మన పతంగి చెట్టు దానికి దూరపు చుట్టం. రంగు వ్యాపారం, తర్వాత చెరకు, కాఫీ తోటలు, నగరాలు కలిసి అట్లాంటిక్ తీరపు అడవిని చాలామటుకు మింగేశాయి. కమానుకు పోయే కొయ్య మొత్తంలో చిన్న వంతే. ఐనా మిగిలిన చెట్ల మీద కన్నున్నవాళ్ళలో కమానుల వాళ్ళే ముందున్నారు. ఎందుకంటే మిగతా పనులకు వేరే కొయ్య దొరుకుతుంది, దీనికి దొరకలేదు.

2000లో కమాను తయారీదారులే కలిసి ఈ చెట్టు సంరక్షణకు అంతర్జాతీయ సంస్థ పెట్టి బ్రెజిల్‌లో మొక్కలు నాటించడం మొదలుపెట్టారు. 2007లో అంతరించే జాతుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం పెర్నాంబుకోను తన రెండో అనుబంధంలో చేర్చింది. దుంగలు, బద్దలు, సగం చెక్కిన కర్రలు దేశం దాటాలంటే అనుమతి కావాలి. పూర్తయిన కమానుకు అప్పుడు మినహాయింపు ఇచ్చారు. 2022 నవంబరులో పనామాలో జరిగిన సమావేశం బ్రెజిల్ నుంచి మొదటిసారి బయటికి వచ్చే పూర్తయిన కమానులనూ అనుమతి కిందికి తెచ్చింది. పాత కమానుల మొనకు ఏనుగు దంతపు పలక ఉండటం మరో చిక్కు. విదేశీ కచేరీలకు వెళ్ళే వాద్యబృందాలు దాన్ని తీయించి ఎముకో, వెండో వేయించుకుంటున్నాయి.

పాత ఇళ్ళలో తాతలు కొని దాచిన బద్దలు ఉన్నాయి. అవి ఉన్నన్నాళ్ళు పని సాగుతుంది. కొత్తగా వృత్తిలోకి వచ్చినవాడికి ఆ నిల్వ లేదు. నైపుణ్యం బడిలో దొరికినా కొయ్య వారసత్వంగానే దొరికే పరిస్థితి వచ్చింది. 1990ల నుంచి కార్బన్ ఫైబర్ కమానులు ఈ ఖాళీలోకి వచ్చాయి. ఎండకూ తేమకూ వంగవు, విరగడం అరుదు, ధర చేతి కమానులో చిన్న వంతు. వాటిని రూపొందించిన మొదటివాళ్ళలో బెర్నార్ ఊషార్ శిష్యుడు రోలాన్ ఉన్నాడు.

భారతదేశంలో, తెలుగునాట

కమాను మనకు వయొలిన్‌తో కొత్తగా వచ్చిన వస్తువేమీ కాదు. పదమూడో శతాబ్దపు సంగీత రత్నాకరంలో శార్ఙ్గదేవుడు పినాకీ వీణను వర్ణించాడు. అది గుర్రపు వెంట్రుకల కమానుతో వాయించే వాద్యం. రాజస్థాన్ కథాగాయకులైన భోపాలు రావణహత్త అనే తీగ వాద్యాన్ని గజ్జెలు కట్టిన కమానుతో వాయిస్తారు. కర్ర కదిలినప్పుడల్లా తాళం దానంతటదే పడుతుంది. కేరళలో సర్పపూజల్లో పాడే పుల్లువర్లది ఒంటి తీగ వీణ, దానికీ కమానే.

తెలుగు నేల మీద కమాను వంశపారంపర్యంగా నిలిచిన చోటు ఆదిలాబాద్ అడవులు. రాజగోండుల కులకథకులైన పర్ధాన్లు, తోటీలు కిక్రి అనే మూడు తీగల వాద్యాన్ని వెంట్రుకల కమానుతో వాయిస్తూ గోండు గోత్రాల పుట్టుపూర్వోత్తరాలు పాడతారు. కేస్లాపూర్ నాగోబా జాతరలో మెస్రం వంశం కథ చెప్పేది వాళ్ళే. 1940లలో ఇక్కడ తిరిగిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ ఆదిలాబాద్ రాజగోండుల మీద 1948లో వెలువరించిన పుస్తకంలో ఈ కథకులకు పెద్ద చోటే ఇచ్చాడు. కిక్రి కమాను అంగడి సరుకు కాదు, ఊళ్ళో దొరికే కర్రతో అయ్యేది. దాని విలువ కర్రలో లేదు, దాంతో పాడే కథలో ఉంది. ఒక్కో పర్ధాన్ కుటుంబానికి పోషించే గోండు కుటుంబాలు ఉంటాయి. ఆ సంబంధం సడలిన ఇంట్లో కమాను మూలన పడుతుంది.

వయొలిన్ దక్షిణాదికి ఈస్టిండియా కంపెనీ వాద్యబృందాలతో వచ్చింది. 1786లో పుట్టిన బాలుస్వామి దీక్షితార్, ఆ తర్వాత తంజావూరు వడివేలు దాన్ని కర్ణాటక సంగీతానికి అలవాటు చేశారు. వాద్యం వచ్చింది, కమాను దానితోపాటే తయారై వచ్చింది. మనవాళ్ళు మార్చింది పట్టుకునే తీరును. కింద కూర్చుని, వయొలిన్ తలను కుడి చీలమండ మీద ఆనించి, రెండో కొసను గుండెకు చేర్చుకుని వాయించడంతో ఎడమచేయి గమకానికి పూర్తిగా వదులైంది. కమాను తీగ మీద నుంచి ఎగిరి దూకే పాశ్చాత్య పద్ధతులు మనకు పెద్దగా పట్టలేదు. ఒక్క లాగులో ఎన్ని స్వరాలు, లాగు మారినట్టు తెలియకుండా గాత్రాన్ని ఎంతసేపు అనుసరించాలి అన్నదే ఇక్కడి పరీక్ష. అంటే టూర్ట్ కర్రలోని ఎగిరే గుణం మనకు అంతగా అక్కర్లేదు, నిలిచే గుణం కావాలి.

ఆ నిలకడకు తెలుగువాళ్ళు చెప్పుకునే పేరు ద్వారం వెంకటస్వామి నాయుడు. 1893లో బెంగళూరులో పుట్టి విశాఖలో పెరిగారు. 1919లో విజయనగరం మహారాజా సంగీత కళాశాలలో విద్యార్థిగా చేరడానికి వెళితే వయొలిన్ ఆచార్యుడిగా నియమించి పంపారు. అప్పుడు ప్రిన్సిపల్ ఆదిభట్ల నారాయణదాసు. 1936లో ఆ పదవి నాయుడుగారికే వచ్చింది. పాశ్చాత్య కమాను క్రమాన్ని శ్రద్ధగా చదివి, పొడుగు లాగులను, నాదపు నిండుదనాన్ని కర్ణాటక బాణీలోకి తెచ్చినవారు ఆయన. మద్రాసులో న్యాయమూర్తి పి.వి. రాజమన్నార్ ఇంట ఆయన వాయిద్యం విన్న పాశ్చాత్య వయొలిన్ విద్వాంసుడు యెహూదీ మెనూహిన్ మెచ్చుకున్నాడు. ద్వారం వారి ఇంట్లో విద్య కూతురు మంగతాయారు, కొడుకు భావనారాయణరావు, అన్నదమ్ముల పిల్లల దాకా సాగింది. వాయించే వంశం పుట్టింది. వాళ్ళకు కమాను చేసిపెట్టే వంశం పుట్టలేదు.

బెంగళూరు సంగతీ అంతే. ఏడు తీగల వయొలిన్‌తో ప్రసిద్ధుడైన మైసూరు టి. చౌడయ్య పేర మల్లేశ్వరంలో కట్టిన సభాభవనం ఏకంగా వయొలిన్ ఆకారంలో ఉంటుంది. దాని మీద తీగలూ బిరడలూ మొదలుకొని కమాను దాకా అన్నీ ఉన్నాయి. చౌడయ్య వాద్యాన్నే మార్చుకున్నాడు. తీగలు పెంచుకున్నాడు. కమానును మార్చాలని ఎవరూ అడిగినట్టు కనిపించదు. వియొత్తి లాంటి విద్వాంసులు పనివాడి గుమ్మంలో నిలబడి మొన బరువెక్కించు, కర్ర పొడుగు చెయ్యి అన్నందువల్లే పారిస్‌లో టూర్ట్ ఇల్లు నిలిచింది. మనవాళ్ళు దొరికిన కమానుతోనే కావలసింది పలికించారు. అది చేతి గొప్పతనం, కాదనలేం. దానివల్ల వడ్రంగికి మాత్రం పని రాలేదు.

బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో సర్వసిద్ధి వారు ఒకే పనస దుంగను తొలిచి ఏకాండ వీణ చేస్తారు. నూజివీడులో తరాలుగా వీణలు చేసే ముస్లిం కుటుంబం ఉంది. బొబ్బిలి వీణకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అక్కడ బొబ్బిలి సంస్థానం కొనుగోలుదారుగా నిలిచింది, పనస తోటల్లోనే ఉంది, వైణికుడు మెట్ల మైనం సరిచేయించడానికైనా పనివాడి ఇంటికి రావాల్సిందే. కమానుకు ఈ మూడింటిలో ఒక్కటీ కుదరలేదు. పోషకుడు దాన్ని వేరుగా కొనలేదు, కొయ్య సముద్రం అవతలిది, పాడైతే కొత్తది కొనడమే అలవాటు.

బెంగళూరు పక్కన చందాపుర నుంచి ఆనేకల్, హోసూరు దాకా తెలుగు వినబడే వీధులకు కొదవ లేదు. ఎలక్ట్రానిక్స్ సిటీ ఉద్యోగాలకు వచ్చిన కుటుంబాలు పిల్లలను సంగీతం తరగతులకు పంపుతున్నాయి. పిల్లకు వయొలిన్ కొంటే కమాను ఆ పెట్టెలోనే, రోజిన్ బిళ్ళతో కలిపి వస్తుంది. విడిగా దాన్ని ఎంచుకోవాలన్న సంగతి చాలామందికి రెండో వయొలిన్ కొనేదాకా తెలియదు. తేడా మాత్రం మొదటి ఏడాదే చెవికి తెలుస్తుంది: వంపు పోయిన కర్ర లాగు మధ్యలో వణుకుతుంది, తలకు మించి రోజిన్ పూస్తే నాదం గరగరలాడుతుంది.

వాయించడం అయ్యాక మర వదులు చేయాలి. బిగించి వదిలేసిన కమాను వంపు కోల్పోతుంది. వర్షాకాలంలో కోస్తా తేమకు వెంట్రుకలు సాగి, మర ఎంత తిప్పినా బిగువు చాలదు. ఎండాకాలం పొడి గాలికి అవే కుదించుకుపోయి కర్రను లాగేస్తాయి. నెలల తరబడి పెట్టె తెరవకపోతే చీకట్లో పెరిగే సన్నని పురుగులు వెంట్రుకలు కొరుకుతాయి. రోజూ సాధన చేసేవాళ్ళు ఏడాదికి ఒకసారైనా వెంట్రుకలు మార్పించుకోవాలి. ఆ పనికి ముడి వేయడం, గూటికి సరిపడే చీల చెక్కడం వచ్చిన చేయి చాలు. పెర్నాంబుకో బద్ద అక్కర్లేదు.